మాట్లాడొద్దని తీసుకుపోయిన మా వియ్యంకుడు

మా వియ్యంకుడు పోయాడు. కోరుట్లలో, పొద్దున్నే చెరువు చూసి వచ్చి, చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే కుర్చీలో పక్కకు ఒరిగాడట. "బాపూ, మామయ్య ఇగ లేడు" అని బిడ్డ ఫోన్ చేసింది. కోరుట్ల బస్సెక్కి కూర్చున్నాను. దారంతా ఏడుపు రావాలి కదా, ఆయన చేసిన మేలే గుర్తుకొచ్చి గుండె నిండిపోయింది. తప్పు పట్టకండి. అంత మంచి మనిషి నాకు వియ్యంకుడయ్యాడన్న సంతోషం ఆయన చావు కూడా తీసుకుపోలేకపోయింది.

ఆయన చాలా ఏండ్లు దుబాయిలో బండి నడిపాడు. ఇక పోనని తిరిగొచ్చిన రోజు, బంగారం చూద్దామని చుట్టాలంతా పెట్టె చుట్టూ మూగారట. విప్పితే లోపల మోచేతంత గొట్టమున్న కెమెరా. వియ్యపురాలు దాన్ని అటూ ఇటూ తిప్పి, "గిది నేను మెడల ఏసుకోవాల్నా?" అన్నదట. "నువ్వు గాదు, నేనే ఏసుకుంట" అని అప్పుడే వేసుకున్నాడట. మళ్ళీ తీసింది తక్కువ.

చెరువు వెనక నీళ్ళు పలచగా పరుచుకునే శిఖం భూమి ఉంటుంది. మనిషెత్తు జమ్ము, తుంగ, కాలు పెడితే దిగబడే బురద. ఆయన పొద్దు అక్కడే పొడిచేది. ఏ పిట్ట ఎప్పుడొచ్చిందో నోటుబుక్కులో రాసుకునేవాడు. పేరు తెలియకపోతే తనే పెట్టేవాడు: 'ఎర్రకాళ్ళ పొడుగాయన', 'నీళ్ళల్ల మునిగే దొరసాని'. మోదుగు పూసే కాలంలో జగిత్యాల దిక్కు గుట్టలకు పోయేవాడు. ఒకసారి నన్నూ తీసుకుపోయి సగం రోజు ఒక్క చెట్టు కిందే కూర్చోబెట్టాడు. "ఏం దొరికింది బావా?" అని అడిగితే "నీడ దొరికింది" అన్నాడు. గూడు దగ్గరికి మాత్రం ఎన్నడూ పోడు. "గూడు కదిలించి తీసిన ఫోటో దొంగతనం బావా" అనేవాడు.

ఇప్పుడు అసలు సంగతి. పెళ్ళయిన రెండో ఏడు నా బిడ్డకు ఏడో నెలలోనే కాన్పయింది. బాబు దక్కలేదు. అప్పటి నుంచి ఆమె ఏడవలేదు, మాట్లాడలేదు. పెట్టింది తినేది, గోడకు ఒరిగి కూర్చునేది. ఇంటికి తెచ్చుకుందామని నేను కోరుట్లకు పోయాను. వాకిట్లోనే వియ్యంకుడు చెయ్యి పట్టుకున్నాడు.

"తోల్కపోదువు గని, రేపు పొద్దుగాల మాతోని చెరువుకాడికి రా బావా. రెండు వారాలాయె, నా ఎంబడి వస్తాంది."

"ఏమన్న మాట్లాడుతాందా?"

"ఇంట్ల అందరు మాట్లాడు, మాట్లాడు అంటాండ్రు. ఆడ మాట్లాడద్దు. గందుకే తీస్కపోతాన."

ఐదో తరగతి చదివిన నాకు ఆ మాట అప్పుడు సగమే అర్థమైంది.

మరమగ్గాలను మా సిరిసిల్లలో సాంచాలంటాం. నలభై ఏండ్లు ఆ చప్పుడులో పనిచేసి నాకు చెవులు మందగించాయి, గొంతు పెద్దదైంది. తెల్లారి శిఖంలో అడుగు పెట్టగానే, "అబ్బో, ఎన్ని నీళ్ళున్నయి బావా!" అన్నాను. అంతే, ఉన్న పిట్టలన్నీ లేచిపోయాయి. ఆయన నెత్తి పట్టుకున్నాడు. "గివి సాంచాలు గావు బావా, బందయితే మళ్ళ బటన్ ఒత్తి నడిపిచ్చెటందుకు" అన్నాడు మెల్లగా.

బిడ్డ మాకు చాలా ముందు, జమ్ము చాటున కెమెరా పట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి వెనక్కి తిరిగి నన్ను చూసింది. సాంచాల చప్పుడులో మాట వినబడదు కాబట్టి అక్కడ మేం చేతులతోనే మాట్లాడుకుంటాం. చిన్నప్పుడు నాకు సద్ది తెస్తూ ఆమె కూడా ఆ సైగలన్నీ నేర్చుకుంది. ఇప్పుడు నాలుగు వేళ్ళు చూపించి, అరచెయ్యి దొప్పలా చేసింది. నాలుగు గుడ్లు. తర్వాత బొటనవేలు, చూపుడువేలు కలిపి నలిపింది. పోగు తెగింది, అతికినంక వస్తా అని చెప్పే సైగ అది. ఇంటికి ఇప్పుడు రానంటోందని తెలిసింది. రెండు నెలల తర్వాత నా బిడ్డ నాతో అన్న మొదటి మాట అది.

అక్కడ తామరాకుల మీద నడిచే పొడుగుతోక పిట్ట పొదుగుతోంది. "అది తండ్రి పిట్ట బావా. ఆడిది గుడ్లు పెట్టి ఎల్లిపోతది, పొదిగేది, సాదేది ఈయనే" అని ఆయన నా చెవిలో చెప్పాడు. నేను ఒక్కణ్ణే బస్సెక్కి ఇంటికొచ్చాను. బస్సులో నవ్వుతూనే ఉన్నాను, పక్కనున్నాయన పిచ్చోడనుకున్నట్టున్నాడు.

కొన్ని రోజులకు ఫోన్ వచ్చింది. "బాపూ, పిల్లలు అయినయి. మూడే అయినయి. పిల్ల కాని గుడ్డును ఇడిసిపెట్టబుద్ధి గాలే దానికి. పిల్లలను రెక్కల కింద పెట్టుకొని ఒక పూటంత దానిమీదనే కూసున్నది బాపూ." అని బోరున ఏడ్చింది. ఆ ఏడుపు కోసం ఎన్ని దేవుళ్ళకు మొక్కానో! ఫోన్ చెవికి పెట్టుకునే దండం పెట్టాను, దేవునికి కాదు, వియ్యంకునికి.

అప్పటి నుంచి కెమెరా కోడలి మెడలోకి మారింది. "కోడలు మోకాటి లోతు నీళ్ళల్ల తిరుగుడేంది, నలుగురు ఏమంటరు?" అని వియ్యపురాలు రోజూ గొణిగేది. "నేనున్న గదా ఎంబడి" అని ఆయన రోజూ నవ్వేవాడు. ఇప్పుడు ఎంబడి ఉండేవాడే పోయాడు. ఆ ఇంట్లో నాకున్న భయమంతా అదే. చెరువు బందైతే నా బిడ్డ మళ్ళీ గోడకు ఒరుగుతుందేమో!

మూడోనాడు పిట్టకు పెట్టాం, కాకి వచ్చి ముడితేనే పోయిన మనిషికి తృప్తి అంటారు. ఆయనకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి చెరువు పక్క చెల్కలో ఉంచాం. కాకి తుమ్మచెట్టు మీద కూర్చుంది కానీ దిగడం లేదు. "ముట్టయ్యా, నీ కొడుకును మంచిగ సూసుకుంటం" అని ఒకరు, "నీ పొలం కౌలుకియ్యం" అని ఒకరు. దిగలేదు. అప్పుడు నా బిడ్డ గట్టిగా అంది:

"అందరు ఎన్కకు జరిగి కూసోండ్రి. గిట్ల మీద పడితే ఏ పిట్ట అస్తది?"

జరిగాం. చప్పుడు లేదు. అయినా దిగలేదు. అప్పుడు వియ్యపురాలు కూర్చున్నచోటి నుంచే కొంగుతో కళ్ళు తుడుచుకుని చెట్టు దిక్కు చూసింది.

"కోడలు చెరువుకు పోతది. ఎంబడి నేను పోత. ఇగనన్న అచ్చి తినరాదు!"

కాకి దిగింది. మేం ఎడంగా జరిగినందుకు దిగిందో, ఆ మాటకే దిగిందో నాకు తెలియదు. నాకైతే మా వియ్యంకుడు విన్నాడనే ఉంది.

పెద్దకర్మ అయిన తెల్లారి వాకిలి దగ్గర నిలబడితే చెరువుకట్ట కనిపించింది. మంచులో ఇద్దరు ఆడవాళ్ళు పోతున్నారు, ముందు కోడలు, వెనక అత్త. జమ్ము దగ్గర పడగానే వియ్యపురాలు ఆగింది. వంగి, చెప్పులు విప్పి చంకలో పెట్టుకుంది. చప్పుడు కాకుండా నీళ్ళలో అడుగు పెట్టింది.