పటం ముందు పిలిచిన పేరు

మా మనవరాలు మొన్న కరీంనగర్‌లో ఏదో ఎగ్జిబిషన్‌కు పోయి, గోడకు తగిలించుకునే బొమ్మల గుడ్డ ఒకటి కొనుక్కొచ్చింది. ఎర్రటి రంగు మీద పసుపు మొహాల ఆడవాళ్ళు, నీలం మొహాల రాజులు, చెవుల దాకా సాగిన కళ్ళు. తెచ్చి నా ఒళ్ళో పరిచి "ఎట్లుంది నాయినమ్మా?" అని అడిగింది. నేను కళ్ళజోడు వెతుక్కునే లోపలే ముక్కుకు వాసన తగిలింది. చింతగింజల గంజి వాసన. గుడ్డ బిగుసుకోవడానికి, రంగు నిలవడానికి పూసే గంజి అది. "మంచిగుంది బిడ్డా" అన్నాను గానీ నా మనసు అప్పటికే సుల్తానాబాద్ దగ్గరి మా నేతగాళ్ళ వాడకు, శాలోళ్ళ వాడకు వెళ్ళిపోయింది.

మా వాడలో తెల్లవారడమే గంజి వాసనతో తెల్లవారేది. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు దారాలను, వీధి పొడవునా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, పెద్ద పెద్ద కుంచెలతో దువ్వేవాళ్ళు. ఎండ ముదిరేలోగా ఆ పని ముగియాలి, లేకపోతే దారాలు ఒకదానికొకటి అంటుకుని పడుగంతా పాడైపోతుంది. అందుకే ఒకరి పడుగుకు పది ఇళ్ళ వాళ్ళు చేతులు వేసేవాళ్ళు. మగవాళ్ళు కుంచెలు పడుతుంటే ఆడవాళ్ళు అరుగుల మీద రాట్నాలు తిప్పుతూ కండెలు చుట్టేవాళ్ళు. మేం పిల్లలం పడుగు కింద వంగి దూరి పరుగెత్తే ఆట ఆడి, వీపుల మీద గంజి చారలతో అందరి దగ్గరా తిట్లు తినేవాళ్ళం. ఆ తర్వాత పగలంతా ఇంటింటా మగ్గంలో నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడే. ఏ ఇంట్లోనైనా ఆ చప్పుడు ఆగిందంటే జ్వరమో చావో అయి ఉంటుందని పక్కింటివాళ్ళు తొంగిచూసేవాళ్ళు.

వాడంతా ఒక్కసారిగా మగ్గాలు ఆపేది పటం కథ వాళ్ళు వచ్చినప్పుడు మాత్రమే. రెండు మూడేళ్ళకోసారి, వానలు వెనకబట్టాక, బతుకమ్మ పండుగకు ముందు వచ్చేవాళ్ళు. చాపలా చుట్టిన పొడుగాటి పటాన్ని భుజాన మోసుకుంటూ ముందు కనకయ్య, వెనక మద్దెల, తాళాల వాళ్ళు. మా కులం ఎట్లా పుట్టిందో, మొదటి మగ్గం ఎవరు వేశారో చెప్పే కథ అది. వీధి నడుమ రెండు వెదురు గడలు పాతి పటం వేలాడదీసి, ఒక్కో బొమ్మ దగ్గర కర్ర ఆనించి కనకయ్య కథ చెబుతుంటే మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చున్న వాడ దీపాలు పెట్టే వేళ దాకా లేచేది కాదు. ఎండిపోయిన చెట్టులాంటి మనిషి కనకయ్య. కానీ రాణి మాట వచ్చేసరికి భుజం మీది తువ్వాలు కొంగయ్యేది, రాక్షసుడి మాట వచ్చేసరికి మేం వెళ్ళి అవ్వల వెనక దాక్కునేవాళ్ళం. మొదటి సాలె నేసిన బట్ట దేవతలకు చాలదు, మనుషులకు చాలదు. చివరికి తనను చంపడానికి వచ్చిన రాక్షసుడు ఒంటి మీద నూలుపోగు లేక చలికి వణుకుతుంటే, సాలె తన మగ్గం మీది బట్టను కోసి వాడికి కప్పుతాడు. అక్కడ కనకయ్య గొంతెత్తి పాడేవాడు.

"పుట్టిన్నాడొక బట్ట, గిట్టిన్నాడొక బట్ట,
నడుమ నీ కులమేందని అడిగిందా యే బట్ట?"

ఆ మాటకు మా వాడంతా కళ్ళు తుడుచుకునేది. కుల పెద్ద మల్లయ్య అందరికన్నా ఎక్కువగా ఏడ్చేవాడు. ఆయన ఏడుపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

చివరి రోజు పేర్ల రోజు. ముందు బతికున్న మగవాళ్ళ పేర్లు, ఇంటిపేరుతో సహా, వరుసగా పాడేవాడు కనకయ్య. పేరు వచ్చినవాడు "ఉన్న" అనాలి. ఆ తర్వాత పోయిన వాళ్ళ పేర్లు. ఆ పేరు వచ్చినప్పుడు ఇంటివాళ్ళు లేచి తమ మగ్గం మీద నేసిన కొత్త తువ్వాలు ఒకటి పటం కింద పెట్టాలి. ఆడవాళ్ళ పేర్లు ఏ వరుసలోనూ ఉండేవి కావు. అది ఎవరికీ తప్పుగా తోచేది కూడా కాదు.

మా బాపుకు తోడబుట్టిన తమ్ముడు, మా చిన్నబాపు రాజేశం పేరు ఆ వరుసలోంచి తీసేశారు. నిజాం రాజ్యం పోయిన పోలీసు యాక్షన్ రోజుల్లో, ఎవరి ప్రాణానికి ఎవరు జవాబుదారో తెలియని ఆ రోజుల్లో, ఖాసింబీ అనే పడుచు మనిషి చంకలో పసిపిల్లతో వచ్చి వాడ చివర ఒంటరిగా ఉండే చిన్నబాపు తలుపు తట్టింది. ఆమె పెనిమిటి సంతలో గాజులు అమ్ముకునేవాడు, ఎవరి జోలికీ పోయినవాడు కాదు. ప్రాణభయంతో ఊరు విడిచిన మనిషి పెద్దపల్లి దారిలోనే చనిపోయాడని తర్వాత తెలిసింది. చిన్నబాపు తలుపు తీశాడు. గొడవలు చల్లారినా ఆమెకు పోవడానికి చోటు లేకపోయింది, ఏడాది తిరిగేసరికి ఇద్దరూ ఆలుమగలుగా బతకసాగారు. ఆయన తన మతం మార్చుకోలేదు, ఆమెను మార్చుకోమనలేదు. ఆమెను వదిలేసి, ధర్మపురికి పోయి గోదావరిలో మునిగి వచ్చి, కులానికి భోజనం పెడితే చాలన్నారు పెద్దలు.

"గోదాట్ల మునిగి లేస్త. లేసినంక గీ తల్లీపిల్ల యాడికి వోవాలె?" అన్నాడట చిన్నబాపు.

అంతే, కులం తప్పించారు. నిప్పు ఇవ్వరు, నీళ్ళు ఇవ్వరు, అన్నిటికన్నా ఘోరం, ఆయన పడుగుకు ఎవరూ చెయ్యి వేయరు. పెరట్లో తనూ ఖాసింబీ ఇద్దరే పొట్టి పొట్టి పడుగులు వేసుకుని కుంచె పట్టేవాళ్ళు. సగం పడుగులు ఎండకు అంటుకుపోయేవి. మా బాపు ఆ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు తల తిప్పుకునేవాడు. తమ్ముడి మీద కోపం కాదు, భయం. "నేను మాట్లాడితె రేపు నా పడుగుకు ఎవడొస్తడు?" అని నన్ను కన్న అవ్వతో అనడం నేను విన్నాను.

మా బాపును కన్న బాపమ్మకు మాత్రం ఒక్కటే కోరిక, చిన్న కొడుకు పేరు మళ్ళీ పటం ముందు వినాలని. పేరు వస్తే కులంలో ఉన్నట్టు. నాకు తొమ్మిదేళ్ళున్నప్పుడు పటం కథ వాళ్ళు వచ్చారు. బాపమ్మ కనకయ్యను అరుగు మీద కూర్చోబెట్టి సర్వపిండి పెట్టి, ఆ వేడి పిండి కన్నా వేడిగా ఆయన చెయ్యి పట్టుకుంది.

"నా రాజేశం పేరు రావాలె కనకయ్యా. నేను సచ్చేలోపట ఒక్కపాలి వినాలె."

"బతికున్నోళ్ళ పేర్లు కులం చేతిల ఉంటయి అవ్వా. మల్లయ్య పటేలు వద్దన్నంక నేనెట్ల పాడుదు?" అన్నాడు కనకయ్య. తర్వాత పిండి ముక్క తుంచుతూ, "సూస్త తియ్యి" అన్నాడు.

ఆ 'సూస్త' అనే మాట పట్టుకుని బాపమ్మ నాలుగు రోజులు నేల మీద నడవలేదు. పేర్ల రోజున పొద్దున్నే తలకు పోసుకుని, పెట్టెలోని చీర కట్టుకుని, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. బతికున్న వాళ్ళ పేర్లు మొదలయ్యాయి. మా ఇంటిపేరు రాగానే ఆమె చెయ్యి నా భుజం మీద బిగిసింది. మా బాపు పేరు వచ్చింది. బాపు "ఉన్న" అన్నాడు. కనకయ్య తరువాతి ఇంటిపేరు అందుకున్నాడు. మల్లయ్య తృప్తిగా గడ్డం నిమురుకున్నాడు. బాపమ్మ మాత్రం నా భుజం వదల్లేదు.

తర్వాత పోయిన వాళ్ళ వరుస. మా ముత్తాత పేరు వచ్చింది, తాత పేరు వచ్చింది, బాపు లేచి తువ్వాళ్ళు పెట్టి వచ్చాడు. ఆ వెంటనే, అదే రాగంలో, తడబడకుండా కనకయ్య పాడాడు, మా ఇంటిపేరు, "రాజేశం" అని.

మద్దెల ఆగిపోయింది. బతికున్న కొడుకు పేరు చచ్చిన వాళ్ళలో విని బాపమ్మ నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది. కనకయ్య ఆమెకు మేలు చేశాననే అనుకున్నాడు. పోయిన వాళ్ళ పేర్లు కులం చేతిలో ఉండవు, పటం చేతిలో ఉంటాయి, అక్కడైతే అడ్డు చెప్పేవాడు లేడు. ఆయనకు తెలిసిన దారి అదొక్కటే. ఎట్లాగైతేనేం పేరు వచ్చింది కదా అని తేరుకుని, "లేవురా, బట్ట వెట్టు" అని బాపమ్మ బాపు వైపు చూసింది. బాపు తల వంచుకున్నాడు. లేవలేదు.

వాడ చివర, ఊరంతా ఆగినా ఆగని ఒకే ఒక్క మగ్గం చప్పుడు అప్పుడు ఆగింది. కాసేపటికి చిన్నబాపు వచ్చాడు. మగ్గం మీదనుంచి అప్పుడే కోసినట్టుంది, చేతిలోని తువ్వాలు అంచుకు దారాలు వేలాడుతున్నాయి. జనం తమంతట తామే దారి ఇచ్చారు. పటం ముందుకు వచ్చి నిలబడి ఒక్కటే మాట అన్నాడు.

"ఉన్న."

తువ్వాలు పెట్టి, వచ్చిన దారినే పోయాడు. "దాన్ని ముట్టొద్దు" అని అరిచాడు మల్లయ్య. కనకయ్య మాత్రం ఆ బట్టను కళ్ళకద్దుకుని "సచ్చినోళ్ళ బట్ట పటం హక్కు పటేలా, గది మీరు వెట్టిన కట్టుబాటే" అని మిగతా వాటితో కలిపి మూట కట్టాడు.

ఆ వారమే పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దలకు అన్నం పెట్టే రోజు. గారెలు, గుమ్మడికాయ కూర, పప్పు, మాంసం తునకల కూర వండి బాపమ్మ తాత వాటా తీసి పెట్టింది. తర్వాత ఇంకో గిన్నెలో అన్నీ సర్ది, నా చేతికి నీళ్ళ చెంబు ఇచ్చి బయలుదేరింది. మల్లయ్య అరుగు మీదనుంచి యాడికని అడిగాడు.

"నా కొడుకు సచ్చిండని పటం ముంగట మీరందరు విన్నరు. సచ్చిన కొడుకుకు వెట్టవోతున్న. వద్దంటవా?"

మల్లయ్య అరుగు మీదనుంచి లేచి లోపలికి పోయాడు. బాపమ్మ చిన్నబాపు ఇంటి గడపలో కూర్చుని ఆయన నోట్లో మొదటి ముద్ద పెట్టబోయి ఆగిపోయింది. పెద్దల పేరు మీద వండినది బతికున్న బిడ్డకు పెట్టడమంటే ఏ తల్లికైనా భయమే. "ఇది సచ్చినోళ్ళ కూడు గాదు కొడుకా, నేను వండిన కూడు" అని ఏడుస్తూ తినిపించింది. గోడవారన నిలబడ్డ ఖాసింబీని పిలిచి, ఆమెకూ పిల్లకూ విస్తళ్ళు వేసింది. ఆ తర్వాత ప్రతి పెత్రమాసకూ పోయింది. ఏడాదికి ఒక్క రోజు దొరికాడు ఆమెకు కొడుకు.

నాకు పెళ్ళయిన ఏడాది బాపమ్మ పోయింది. పాడె మోయడానికి వచ్చిన చిన్నబాపును మల్లయ్య కొడుకు ఆపేశాడు. చచ్చినవాడు పాడె ఎట్లా మోస్తాడని అడిగాడు. నవ్విన వాళ్ళు కూడా ఉన్నారు. పెత్రమాసకు తెరుచుకున్న తలుపే ఆ రోజు మూసుకుంది. చిన్నబాపు చెరువు కట్ట మీద నిలబడి దూరం నుంచే చూశాడు.

ఇప్పుడు మా వాడలో మగ్గాల్లేవు. నేసేవాళ్ళు మిల్లు పనులకు భీవండికి పోయారు, సూరత్‌కు పోయారు. కనకయ్య కొడుకులు పటం మోయలేదు. చిన్నబాపు పోయిన రోజున ఖాసింబీ బిడ్డ కబురు పంపితే నేనొక్కదాన్నే వెళ్ళాను. పేరు పిలిచేవాళ్ళు ఎవరూ రాలేదు. ఆ పేరు ఎప్పుడో పిలిచేశారు కదా అన్నారు వాడవాళ్ళు.

మనవరాలు ఆ గుడ్డను నా మంచానికి ఎదురుగా గోడకు తగిలించి, "వీళ్ళంత ఎవలు నాయినమ్మా?" అని అడిగింది. తెలియదన్నాను. ఆమె బయటికి పోయాక ఆ నీలం మొహాల వైపు చూస్తూ మెల్లగా మా ఇంటిపేరు కలిపి "రాజేశం" అని పిలిచాను. పిలిచి, పిచ్చిదాన్ని, కాసేపు చెవి ఒగ్గి కూర్చున్నాను.