సున్నా శాతం కాడ ఆగిన అప్‌డేట్

మొన్న శుక్రవారం నా ఉద్యోగం పోయేటిదే, తెలుసా? అది కూడా చేరకముందే! పోతే పోయిందనుకుందాం, ఎందుకు పోయిందే అని మీరడిగితే నోరు విప్పి చెప్పుకునేటట్టు కూడా లేకుండె. ఇప్పుడు చెప్తున్ననంటే పోలేదు కాబట్టి చెప్తున్న. కాని మధ్యల నవ్విండ్రనుకో, ఆపేసి లేచిపోత. ముందే చెప్తున్న.

మీకు ఎరికే గదా, బీయస్సీ మ్యాథ్స్ చేసి, బీఈడీ చేసి, పెండ్లయినంక పదకొండేండ్లు ఖానాపూర్‌ల ఇంట్లనే కూసున్న. మా ఆయన మస్కట్‌ల ఏసీ మెకానిక్. ఇంట్ల నేను, మా అత్తమ్మ, బడికి పోయే ఇద్దరు పిల్లలు. గిప్పుడు హైదరాబాద్‌ల ఒక ట్యూషన్ కంపెనీ వాళ్లు ఆన్‌లైన్ల లెక్కలు చెప్పేతందుకు టీచర్లు కావాలన్నరు. ఇంటి కాడ్నుంచే పని. ఫోన్‌ల ఇంటర్వ్యూ తీసుకున్నరు, పాసైన! శుక్రవారం నాలుగింటికి డెమో క్లాసు చెప్పాలె. అది మంచిగ చెప్తే ఉద్యోగం ఖాయం.

కాని ఒక మెలిక పెట్టిండ్రు. వాళ్ల క్లాసు సాఫ్ట్‌వేర్ తెరుచుకోవాలంటే లాప్టాప్‌ల కొత్త అప్‌డేట్ పడి ఉండాలంట. శుక్రవారం రెండింటి లోపట అప్‌డేట్ అయినట్టు స్క్రీన్‌షాట్ పంపాలె. పంపకపోతే? "లిస్టుల మీ తర్వాత ఇంకో మేడమ్ ఉన్నరండి" అన్నడు ఆ సారు, మస్తు మర్యాదగ.

నాకేం ఫికర్? లాప్టాప్ వచ్చి వారమే అయింది. సోమవారం పొద్దుగాల సెట్టింగ్స్‌లకు పోయి అప్‌డేట్ మీద కొట్టిన. 'డౌన్‌లోడింగ్, సున్నా శాతం' అని వచ్చింది. సరే అయితది తియ్ అని పనిల పడ్డ.

అన్నం వండి వచ్చి చూసిన, సున్నా. పప్పుల పోపేసి వచ్చిన, సున్నా. బట్టలు ఆరేసి వచ్చిన, ఇంకా సున్నానే! ఆఖరికి ఎర్రక్షరాలల్ల ఒక లైను పడ్డది, 'ఎర్రర్' అని. దాని కింద సున్నా, ఎక్స్, ఎనిమిది అనుకుంట ఒక పొడుగు నంబరు. ఆ నంబరు నెట్‌ల వెతకాలె గదా అని చీటీ మీద రాసుకున్న. మా అత్తమ్మ ఆ చీటీ అందుకుని కండ్లద్దాలు పెట్టుకున్నది.

"గిది ఎవల ఫోన్ నంబరే?"

"ఫోన్ నంబర్ కాదత్తమ్మా, లాప్టాప్‌కు వచ్చిన రోగం పేరు."

"రోగానికి పేరు పెట్టుమంటే నంబర్ పెట్టిండ్రా? ఇగ మందెట్ల దొరుకుతది?"

మా అత్తమ్మ అన్నట్టే అయింది, మందు దొరకలే. మంగళవారమంతా నెట్‌ల వెతికిన. ఒకలు పది ఉపాయాలు చెప్తరు, ఇంకొకలు పదిహేను. రీస్టార్ట్ చెయ్యమన్నరు, పదకొండు సార్లు చేసిన. స్క్రీన్ మీద నల్ల డబ్బా ఒకటి తెరిచి అందుల పొడుగు పొడుగు లైన్లు కొట్టమన్నరు, అవీ కొట్టిన. ఒక్క చుక్క తప్పు పడితే మల్ల మొదటికెల్లి! స్థలం లేదేమో చూడుమన్నరు. కొత్త లాప్టాప్‌ల ఏముంటది? అయినా ఊకోబుద్ధి కాక, ఉన్న రెండు ఫోటోలు కూడా తీసేసిన.

అందుల ట్రబుల్ షూటర్ అని ఒకటుంటది. పేరు వింటే ఏదో పొడిచేటట్టే ఉంటది. అర్ధగంట గిరగిర తిరిగి, 'ప్రాబ్లమ్ ఏందో దొరకలే' అని చెప్పి తప్పుకున్నది. మా ఊరి లైన్‌మన్ నయం, దొరకకపోయినా స్తంభం ఎక్కి చూసిపోతడు.

బుధవారం మా ఆయన ఫోన్ చేసిండు. అంతా విని, "ముందుగాల ఫిల్టర్ తీసి దులిపినవా?" అన్నడు.

"దీనికి ఫిల్టర్ ఉండదయ్యా."

"ఫిల్టర్ లేకుంట మిషనెట్లుంటదే? నేను ఇరవై ఏండ్ల సంది చూస్తలేనా? వేడెక్కుతుంది కావచ్చు. కింద గాలాడనియ్యి."

అప్పటికి నాకు ఎవలు ఏం చెప్పినా చేసే హాలత్ వచ్చింది. రొట్టెలు కాల్చే జాలి తెచ్చి, దాని మీద లాప్టాప్ పెట్టి, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టిన. గంట సేపు గాలి కొట్టింది. సున్నా శాతం అట్లనే ఉన్నది, కాకుంటే చల్లగ ఉన్నది.

ఇగ సిగ్నల్ మీద అనుమానమొచ్చింది. నెట్ నా ఫోన్‌కెల్లే గదా తీసుకునుడు! గురువారం పగటీలి లాప్టాప్ పట్టుకుని స్లాబ్ మీదికెక్కిన. ఎండ చుర్రుమంటుంది. లాప్టాప్‌కు గొడుగు పట్టి నేను ఎండల కూసున్న. పక్కింటి వదినె వాళ్ల స్లాబ్ మీదికెల్లి చూసి, "ఏం ఎండబెడుతున్నవే స్వరూపా, వడియాలా?" అని అడిగింది.

"కాదొదినే, ఉద్యోగం" అన్న.

నవ్వుతుండ్రా? నవ్వుండ్రి. ఆ రోజు పొద్దుమీకి కిందికి దిగి వచ్చి నేను ఏడ్చిన. అబద్ధమెందుకు? మంచిగనే ఏడ్చిన. డెమో కోసం చీర ఇస్త్రీ చేసి పెట్టుకున్న. ఒక చిన్న వైట్‌బోర్డు కొనుక్కున్న. అద్దం ముంగట నిలబడి భిన్నాలు పదిసార్లు చెప్పుకున్న. పదకొండేండ్లకు ఒక్క సందు దొరికితే, దానికి ఈ సున్నా అడ్డం పడ్డది. మా అత్తమ్మ వచ్చి పక్కన కూసున్నది. పోతే పోయిందిలే బిడ్డా అని అనలే. అంటే ఇంకింత ఏడ్చేదాన్ని. "ఆ కంపెనీల బాగుచేసేటోడు ఎవడన్న ఉంటడు గదా, రేపు పొద్దుగాల వానికి ఫోన్ కొట్టు. వాడకట్టంత నా కోడలు టీచరమ్మ అయితుందని చెప్పిన. నా మొఖం చూసన్న కొట్టు" అన్నది.

శుక్రవారం పదింటికి ట్యూషన్ కంపెనీ సపోర్ట్ సారుకు ఫోన్ చేసిన. చిన్న వయసు గొంతే గాని మస్తు ఓపిక ఉన్నది. వీడియో కాల్ పెట్టించి, నా ఫోన్‌ను లాప్టాప్ ముంగట నిలబెట్టమన్నడు. నాలుగు రోజులు నేను చేసినవన్నీ మల్ల ఒక్కొక్కటి చేయించిండు. ఏదీ పని చెయ్యలే. ఉన్నట్టుండి మాట ఆపిండు.

"మేడమ్, జర ఆ ఫోన్ కిందికి తిప్పుండ్రి. కుడి దిక్కు మూలకు. ఆ, చాలు. మేడమ్, ఇయ్యాల తారీకెంత?"

"ఇరవై ఆరు సార్."

"మీ లాప్టాప్‌ల ఎంతున్నది చూడుండ్రి."

చూసిన. వచ్చే నెల ఇరవై అని ఉన్నది.

నెత్తి పట్టుకున్న. ఎందుకంటే ఆ తారీకు ఎట్లొచ్చిందో నాకు యాదికొచ్చింది. వైరస్ కాదు, కంపెనీ తప్పు కాదు. ఆ తారీకు పెట్టింది నేనే!

ఎందుకు పెట్టిననో వినుండ్రి. అంతకుముందు సోమవారం, అంటే పదిహేనో తారీకు, లాప్టాప్ డబ్బా ఇంటికొచ్చింది. నేను కత్తెర తెచ్చేలోపట మా అత్తమ్మ డబ్బాకు అడ్డం నిలబడ్డది. "మూఢం నడుస్తుంది బిడ్డా. మూఢంల కొత్త సామాను మొదలుపెడుతరా? అందుల ఉద్యోగపు సామాను!" అన్నది. అక్కడికక్కడ గుడి అయ్యగారికి ఫోన్ చేసింది. ఆయన మూఢం పోయినంక, వచ్చే నెల తొమ్మిది, గురువారం, పొద్దున తొమ్మిదింటికి బాగున్నదన్నడు. నా డెమోనేమో ఈ నెల్లనే ఉన్నది! గంట సేపు బతిమిలాడిన. వినలే. పగిలి వచ్చిందో ఏమో చూసుకోవాలె గదా అంటే డబ్బా విప్పేటంత వరకు ఒప్పుకున్నది, పని మాత్రం మొదలుపెట్టద్దన్నది.

అప్పుడు నాలో ఉన్న బీయస్సీ లేచింది.

"అత్తమ్మా, ముహూర్తం మనకా, లాప్టాప్‌కా?"

"లాప్టాప్‌కే."

"అయితే లాప్టాప్ తారీకు ప్రకారమే చెయ్యాలె గదా?"

మా అత్తమ్మ ఆలోచన చేసింది. ఆ సందుల నేను తారీకు మార్చేసిన. తొమ్మిదో తారీకు, గురువారం, పొద్దున తొమ్మిది. మా అత్తమ్మ కండ్లద్దాలు పెట్టుకుని వంగి చూసింది. "దానికి తొమ్మిదే అయింది మరి" అని లోపటికెల్లి పసుపు కుంకుమ తెచ్చింది. పగటీలి రెండింటికి ఇద్దరం కలిసి పొద్దున తొమ్మిదింటి ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టినం. నా తెలివికి నేనే మురిసిపోయిన. పొద్దుమీకి గంటలు మాత్రం సరిచేసిన. తారీకు ముట్టలే, అత్తమ్మ మల్ల చూస్తదేమోనని. రెండు రోజులయినంక మారుస్త తియ్ అనుకుని, సాఫ్‌గ మర్చిపోయిన.

ఆ సారు మంచిగ అర్థం చేయించిండు. "మేడమ్, తారీకు తేడా ఉంటే సర్వర్ మీ లాప్టాప్‌ను నమ్మది. అందుకే సున్నా కాడ్నే ఆపుతుంది. తారీకు ఎవలు మార్చిండ్రు?"

"పిల్లలు సార్" అన్న, టక్కున. "ఫోన్ అనుకుని ఆడుకుంట ఏందో నొక్కిండ్రు కావచ్చు."

నా వెనకకెల్లి మా అత్తమ్మ ఫోన్‌ల మొఖం పెట్టింది. "పిల్లలకేం తెలుసు సారూ! మా కోడలే మార్చింది. మూఢం గదా, ముహూర్తం కోసం మార్చింది."

అటు దిక్కు ఆ సారు దగ్గిండు. మల్ల దగ్గిండు. అది దగ్గు కాదని నాకెరికే, కాని ఏమంట? భూమి చీలితే అండ్ల పోయేదాన్ని.

ఒక్క బటన్ నొక్కమన్నడు, తారీకు దానంతట అదే పెట్టుకునేది. నొక్కిన. ఇరవై వాపస్ ఇరవై ఆరైంది, నెల వెనక్కి వచ్చింది. మా అత్తమ్మ చూస్తనే ఉన్నది.

"అయితే గిప్పుడది మల్ల మూఢంలకు వచ్చినట్టేనా?"

"వచ్చినట్టే అత్తమ్మా" అన్న, ఇగ ఏం లొల్లి పెడ్తదో అని భయపడుకుంట.

"ఏం కాదులే. పూజయింది, వాడకంల పడ్డది. వాడే సామానుకు మూఢమేంది?" అని చిక్కుడుకాయలు తెంపేతందుకు పెరట్లకు పోయింది.

అప్‌డేట్ కొట్టిన. ఒకటి శాతం! అయ్యో, నాలుగు రోజుల సంది ఆ ఒకటి కోసమే గదా నేను చూసుడు! రెండు, ఐదు, ముప్పై, డెబ్బై... పదకొండుం పావుకు వంద పడ్డది. 'రీస్టార్ట్ నౌ' అని వచ్చింది. "కొట్టుండ్రి మేడమ్, ఒక నలభై నిమిషాలు పడ్తది. అయినంక ఫోన్ చెయ్యుండ్రి" అని ఆ సారు పెట్టేసిండు.

వేలు బటన్ మీద పెట్టిన. పెట్టి, తీసిన. లేచి గోడకున్న క్యాలెండర్ కాడికి పోయిన. శుక్రవారం, రాహుకాలం పదిన్నరకెల్లి పన్నెండు వరకు.

వచ్చి కూసున్న.

పదకొండున్నరకు ఆ సారు మల్ల ఫోన్ చేసిండు. "మేడమ్, రీస్టార్ట్ కొట్టిండ్రా?"

"ఆ సార్... తిరుగుతుంది సార్" అన్న. తిరిగేది మీద ఫ్యాను.

మా అత్తమ్మ కొంగుల చిక్కుడుకాయలతోని లోపటికొచ్చింది. "ఏంది పిల్లా, చేతులు కట్టుకుని కూసున్నవ్? మల్ల చెడిపోయిందా?"

"లేదత్తమ్మా... రాహుకాలం ఉన్నది. పన్నెండు దాటనియ్యి."

మా అత్తమ్మ నన్ను కిందికెల్లి మీది దాకా చూసింది. "మీట నొక్కేతందుకు రాహుకాలమేందే! అటు రెండింటికి టైమ్ అయితుంటే! నొక్కు ముందుగాల!"

నేను నొక్కలే. ఇంత దూరం వచ్చినంక మల్ల సున్నా పడితే? మా అత్తమ్మ తిడుతనే ఉన్నది, నేను గడియారం చూస్తనే ఉన్న. పన్నెండు దాటి రెండు నిమిషాలకు దండం పెట్టి నొక్కిన. ఒంటిగంటకు పది తక్కువకు అయిపోయింది. స్క్రీన్‌షాట్ పోయింది, నాలుగింటికి డెమో అయింది, భిన్నాలు బాగ చెప్పిన. సోమవారం నుంచి ఆరో తరగతి నాదే!

అదే రోజు పొద్దుమీకి మా అత్తమ్మ వాడకట్టంత తిరిగి చెప్పొచ్చింది. నేను గేటు కాడ నిలబడి నా చెవులతోని విన్న. "మా కోడలుకు ఉద్యోగమొచ్చింది. మస్తు తెలివి గలది, మంచిది. ఒక్కటే, పట్టింపులు జర ఎక్కువ!"