అమ్మ బయట చేరే రోజులు

కూర్చున్న పీట మీంచి లేస్తూ పక్కకి ఒరిగితే అమ్మకి తుంటి విరిగిందంటే నేను నమ్మలేదు. అంత మాత్రానికే ఎముక విరుగుతుందా? ఇంట్లో ఏదో జరిగింది, నా దగ్గర దాస్తున్నారు అనుకుంటూనే సువ నుంచి పక్క దీవిలోని లంబాస ఆసుపత్రికి వెళ్లాను. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

డాక్టరమ్మ చిన్న వయసుది. మంచం పక్కన నిలబడి హిందీలో అమ్మని ప్రశ్నలు అడుగుతోంది. మీ అమ్మకీ తుంటి విరిగిందా? ఆయాసానికి మాత్రలు చాలాకాలం వాడారా? నెలసరి ఏ వయసులో ఆగింది?

అమ్మ నోరు విప్పకముందే నాన్న అందుకున్నాడు. "పచాస్ సాల్, డాక్టర్." యాభై ఏళ్లట. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఆడవాళ్ల సంగతి ఈయనకెందుకు?

నాకు వాయిలేవులోని మా చెరకు తోట గుర్తొచ్చింది. మా దీవులకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మా ఇల్లు నాయనమ్మ ఏలుబడిలో ఉండేది. అమ్మ ప్రతినెలా బయట చేరి, ఎరువు బస్తాల కొట్టులో మూడు రోజులు చాప మీద పడుకునేది. వంటింట్లోకి రాకూడదు, దీపం ముట్టకూడదు. కోతల కాలంలో మాత్రం, చెరకు కొట్టే గ్యాంగుకి మేము వండిపెట్టాల్సిన రోజే ఆమె బయట చేరేది. ఆ చాకిరీ నా నెత్తిన పడేది. నాకు ఒళ్లు మండి, ఒకసారి కొట్టు వెనక బట్టలారేసే తీగ చూసి వచ్చాను. అక్కడ ఒక్క గుడ్డా ఆరేసి లేదు.

నాన్నని టీ తాగి రమ్మని బయటికి పంపాను.

"అమ్మా, నిజం చెప్పు. ఎప్పుడు ఆగింది?"

"నీ చిన్నతమ్ముడికి పాలు మాన్పించినాక. నాకు నలభై నిండలే."

"మరి ఆ కొట్లో ఎందుకు పడుకున్నావు?"

"ఆ మూడు దినాలే బేటీ నాకు ఛుట్టీ. మీ నాయనమ్మ అప్పుడే నన్ను పిలవకపోయేది."

నేను చెప్పింది విని డాక్టరమ్మ తల పంకించింది. అంత తొందరగా ఆగిపోతే ఎముక అప్పటినుంచే పల్చబడుతూ వస్తుందట. ముందే తెలిసుంటే మందులిచ్చేవాళ్లట. ఇప్పుడు రెండో తుంటినైనా కాపాడుకోవాలంది. అమ్మ మళ్లీ నడుస్తుందా అంటే మాత్రం సూటిగా జవాబివ్వలేదు. నాకు భయం వేసింది.

నాన్న వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. టీ తాగినట్టు లేడు. అమ్మ ఇన్నేళ్లు దాచిన సంగతి చెప్పాను.

"నాకు మాలూమే," అన్నాడు. "అప్పుడే మాలూమ్."

"తెలిసీ డాక్టరుకి యాభై అని చెప్పావా?"

"నీ ముందర ఆమె అబద్ధమాడిన ఝూఠీ అయిపోతదని." మళ్లీ తనే అన్నాడు. "మా అమ్మ ఆమెని కూర్చోనిచ్చేది కాదు. ఆ మూడు దినాలైనా పండుకోనీ అనుకున్నా. హడ్డీ ఇట్ల ఇరుగుతదని నాకెవరు చెప్పినారు?"

ఆ ఇంట్లో నేను అనుమానించని మనిషి లేడు. ఇలాంటిది మాత్రం ఎన్నడూ అనుమానించలేదు. ఏడుపొచ్చింది.

లోపలికి వెళ్లబోతుంటే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు మాలూమని ఆమెకి చెప్పకు."