మూత మీది వేన్నీళ్ళు

నాలుగో తరగతిలో మా అయ్యవారు నన్ను మూడేళ్ళు కూర్చోబెట్టారు. నాలుగో ఏడు కూడా అదే బల్ల మీద నన్ను చూసి, ఆయనే వేరే ఊరికి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు. ఆయన లేని బడికి నేను వెళ్ళడం మర్యాద కాదని నేనూ మానేశాను. అంతటి చదువరిని ఇప్పుడు మాంసం ఎలా ఉడికించాలో, మిగిలిన కూరను మర్నాడు ఏం చేయాలో, పాలను ఎలా గడ్డకట్టించాలో రాయడానికి కూర్చున్నాను. ఈ మూడింటిలో నాకు చేతనైనది ఒక్కటే, మూత తీసి చూడడం. మిగతాదంతా మా ఇంటావిడ విద్య. ఆమె పోయి తొమ్మిదేళ్ళయింది. పొయ్యి మీద ఏది ఉడుకుతున్నా ఇప్పటికీ నా చెయ్యి మూత దగ్గరికి వెళ్తుంది. ఆ చేతి మీద గరిటెతో ఒక్కటి వేసే మనిషే లేదు.

మాది గిద్దలూరు పక్కన మెట్ట ఊరు. నాకు జత ఎద్దులూ ఒక బండీ ఉండేవి. రైలుకు వచ్చిన సరుకును స్టేషను నుంచి దుకాణాలకూ, అడవి దొర బంగళాకూ తోలేవాణ్ణి. మా అమ్మా నాయనా అప్పటికే లేరు. పెళ్ళయి మూడేళ్ళు, ఇంట్లో మేమిద్దరమే. నా మాటలకు నవ్వడానికి వీధినిండా జనం ఉండేవాళ్ళు. ఇంట్లో ఆమె మాత్రం నవ్వకుండా వినేది, విని ఒక్క మాటతో నన్ను కూర్చోబెట్టేది.

శ్రావణం వస్తే మా ఇళ్ళలో నెల రోజులు మాంసం ముట్టరు. అందుకని ఆషాఢం వెళ్ళేలోగా పదిళ్ళవాళ్ళం కలిసి ఒక పొట్టేలును కోసుకునేవాళ్ళం. విస్తరాకుల మీద పది పోగులు పెట్టేవాళ్ళు. తొడ ఇంత, పక్కటెముక ఇంత, ఒక్కో కార్జం ముక్క. పక్షపాతం లేకుండా ఒకణ్ణి అటు తిరిగి నిలబడమని, ఇంకొకడు ఒక పోగు మీద పుల్ల పెట్టి "ఇది ఎవరికి?" అని అడిగేవాడు. అటు తిరిగినవాడు ఏ ఇంటివాళ్ళను చెబితే ఆ పోగు వాళ్ళది. నోరున్నవాణ్ణని ఆ పని నాకే అప్పగించేవాళ్ళు. నన్ను నేను ఎప్పుడు చెప్పుకున్నా మెడ ముక్కలు ఎక్కువున్న పోగే వచ్చేది.

"కండ్లు తెరిచి ఎంచుకున్నా ఇంత ముదురుది దొరకదు కదయ్యా" అనేది మా ఆవిడ, ఆకు విప్పి చూసి.

అన్నా ఆమెకు దిగులుండేది కాదు. ముదురు మాంసాన్ని ఎలా లొంగదీయాలో ఆమెకు తెలుసు. ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి, మట్టిసట్టిలో వేసి, వాటి నీళ్ళు అవి వదిలి ఇంకిపోయేదాకా మగ్గనిచ్చేది. తర్వాత కారం, నూరిన ముద్ద. సట్టి మీద మూతకు బదులు ఇత్తడి పళ్ళెం పెట్టి, ఆ పళ్ళెంలో చెంబెడు నీళ్ళు పోసేది. కింది ఆవిరికి పై నీళ్ళు కాగేవి. కూరకు నీళ్ళు కావాలంటే ఆ వేన్నీళ్ళే, అవీ గరిటెడు గరిటెడుగా. ఉడుకుతున్న మాంసం మీద చన్నీళ్ళు పడితే బిగుసుకుపోతుందని, మళ్ళీ పొద్దుగూకేదాకా మంటపెట్టినా మెత్తబడదని ఆమె నాకు చెప్పని రోజు లేదు. పళ్ళెం ఎత్తి చూస్తే చెయ్యి మీద దెబ్బ పడేది.

ఆ ఏడు ఆషాఢం చివర, సట్టి పొయ్యి మీద ఉండగా వాళ్ళన్న వచ్చాడు. ఒక్కడే వస్తే బావే కదా అనుకుందుము. ఇంకా ఇద్దరు చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరికి పెట్టిన కూర, తినేవాళ్ళం ఐదుగురం. సంగటికి పిండి చాలదని ఆమె జొన్నల చాట తీసుకుని పక్కింటి పెద్దమ్మ తిరగలి దగ్గరికి వెళ్తూ, "మంట సన్నగ పెట్టు, సట్టి జోలికి పోవాకు" అంది.

నేను పోకుండా ఉంటానా? పళ్ళెం ఎత్తి చూస్తే అడుగున కాసింత కూర. చుట్టాల ముందు పరువు పోతుందనిపించింది. తొట్టిలోంచి చెంబుతో చల్లటి నీళ్ళు తెచ్చి పెద్దమనసుతో కుమ్మరించాను. పళ్ళెం ఎప్పటిలాగే పెట్టేసి, వసారాలోకి వచ్చి బావతో వానల గురించి మాట్లాడుతూ కూర్చున్నాను.

తినేటప్పుడు తెలిసింది. బావ ఒక ముక్కను కుడి దవడ నుంచి ఎడమ దవడకు, అక్కణ్ణుంచి మళ్ళీ కుడికి తిప్పుతున్నాడు. చుట్టాలిద్దరూ తలలు వంచుకున్నారు. ఆమె గరిటె పట్టుకుని నిలబడి ఒకసారి బావ దవడలనూ, ఒకసారి సట్టినీ చూస్తోంది. తప్పు నాదని చెప్పడానికి అదే సమయం. నా నోటికి మాత్రం వేరే మాట వచ్చింది.

"బావా, మెల్లగ. మీ చెల్లెలు మా ఎద్దు మెడ తోలుపట్టెడ కోసి వండింది. నమిలి ఊసెయ్‌, రేపు బండి కట్టాల్నంటే మళ్ళా అదే కావాల."

చుట్టాలు పొలమారేదాకా నవ్వారు. బావ కూడా నవ్వాడు. అంతటితో ఆగానా? సాయంత్రం రచ్చబండ దగ్గర అదే మాటను చేతులు తిప్పుతూ ఇంకోసారి చెప్పాను. మర్నాడు బావిదగ్గర ఆడవాళ్ళు "ఏందమ్మా, పట్టెడ కూర చేసినావంట" అని ఆమెను పలకరించారు. చేతివంటే ఆమె పరువు. పుట్టింటి మనిషి కళ్ళెదుటే దాన్ని నేను తీసేశాను.

బావ బయలుదేరే వేళకు ఆమె మూట కట్టుకుని వచ్చి వాళ్ళ బండి పక్కన నిలబడింది.

"ఎన్నాళ్ళు?" అన్నాను.

"మీ ఎద్దుకు కొత్త పట్టెడ దొరికిందాంక."

వాళ్ళు వెళ్ళాక ఇంట్లోకి వస్తే పొయ్యి మీద చిన్న సట్టి కనిపించింది. రాత్రి మిగిలిన కూరను ఆమె తెల్లవారకముందే మళ్ళీ పొయ్యెక్కించింది. కాసిని వేన్నీళ్ళు చిలకరిస్తూ, నిప్పుల మీద కదలకుండా వదిలి, మెత్తబడ్డాక దంచిన వెల్లుల్లీ కారమూ వేసి నూనె తేలేదాకా వేయించి, ఆకు కప్పి పెట్టింది. పక్కనే రాత్రి సంగటి ముద్ద, మజ్జిగలో. ముక్క నోట్లో పెట్టుకుంటే వెన్నలా జారిపోయింది. నా తప్పును రాత్రికి రాత్రి సరిచేసి, నా మీద కోపంతోనే నాకు పెట్టి వెళ్ళింది. ఆ కూర మీద నవ్వు పుట్టించే మాట ఒక్కటీ నాకు తోచలేదు. అప్పటిదాకా నాకు మాట తోచకపోవడమనేది తెలియదు.

పక్కింటి పెద్దమ్మ ఆ రోజే గోడ మీంచి పలకరించింది. "ఏరా, పెండ్లాం ఏది?"

"ఆషాఢం కదా పెద్దమ్మా, పుట్టింటికి పోయింది."

"మూడేండ్ల పెండ్లికి ఆషాఢమేందిరా? అది కొత్త పెండ్లికూతుర్లకు కదా. నోటికొచ్చినట్ల వాగి ఎల్లగొట్టినావని చెప్పరాదూ!"

చూరు కింద తాడుకు ఆమె ఎండబెట్టిన ఉప్పుకండ వేలాడుతోంది. పోగులోని మెత్తటి మాంసాన్ని పొడుగ్గా చీల్చి, ఉప్పూ పసుపూ కారమూ దట్టించి, దారానికి గుచ్చి ఎండకు కట్టడం ఆమె పద్ధతి. వాన మబ్బు కనిపిస్తే పొయ్యి మీదికి మార్చేది. శ్రావణం వెళ్ళాక అది నాకు కూడూ తోడూ అయింది. మొదటిసారి తొందరపడి అలాగే వేయించి తిన్నాను. బిందెడు నీళ్ళు తాగినా దాహం తీరలేదు. నాలుగో పీలికకు గుర్తొచ్చింది, ఆమె ముందు వేన్నీళ్ళలో నానబెట్టేది, తర్వాత నిప్పుల మీద కాల్చి రాయితో మెల్లగా చితక్కొట్టేది, ఆ పైన ఉల్లిపాయలతో వేయించేది. ఆమె చేస్తుండగా వందసార్లు చూశాను గానీ, చూసిన వందసార్లూ ఏదో ఒకటి వాగుతూనే చూశాను. దారం మీద పీలికలు తగ్గుతున్న కొద్దీ నాకు భయం పట్టుకుంది. అవి అయిపోయేలోగా ఆమె రాకపోతే ఇంకెప్పుడూ రాదని ఎందుకో మనసులో పడిపోయింది. చివరికి మూడు పీలికలు మిగిలాయి. వాటిని తినలేదు.

అప్పటికి సీతాఫలాల కాలం వచ్చింది. అడవి దొర బంగళాలో ముసలి సాయిబు ఒకాయన వంట చేసేవాడు. నన్ను అల్లుడా అనేవాడు. దొరకు వారానికోసారి రైల్లో ఐసు దిగేది, రంపపు పొట్టులో, గోనెసంచి చుట్టుకుని. ఆ వారం దొర దోర్నాల వైపు క్యాంపు వెళ్ళాడు. ఐసుకు ఆ సంగతి తెలియదు కనుక మామూలుగానే వచ్చింది. దాన్ని బండిలో వేసుకుని బంగళాకు తోలుతుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట మా ఆవిడ నాతో బంగళాకు వచ్చినప్పుడు ఈ సాయిబే దొర కోసం చేసిన ఐసుపాలు ఒక్క చెంచా ఆమె అరచేతిలో వేశాడు. ఆమె నాకి, కళ్ళు మూసుకుని, "నాలిక్కి చలిపుట్టిందయ్యా" అంది. దోవపొడుగునా అదే మాట. ఒకనాడు నేనే చేసి పెడతానని చెప్పాను, మరిచిపోయాను.

"దొర లేడు కదా మామా, ఈ ఐసు నాకియ్యి. ఐసుపాలు తిప్పే ఆ చెక్కబకెట్టు ఒక్కదినం ఇస్తావా?" అన్నాను.

సాయిబు నా ముఖం చూశాడు. ఊళ్ళో పట్టెడ కూర సంగతి ఆయనకూ చేరే ఉంటుంది. గేదెపాలు సగానికి మరిగించి, చక్కెర వేసి, ఆరబెట్టి ఇచ్చాడు. సీతాఫలం గుజ్జును పాలు చల్లారాకే కలపాలన్నాడు, వేడి తగిలితే చేదెక్కుతుందట. పాలు రేకు డబ్బాలో పోసి బకెట్టు నడుమ పెట్టాలి. చుట్టూ ఒక వరస ఐసు, ఒక వరస ఉప్పు. పైన పిడి పట్టుకుని తిప్పుతూ ఉండాలి.

"అల్లుడా, ఇది కూర కాదు. అయిందా లేదా అని మూత తీసి చూడగూడదు. పిడి తిరగనని మొరాయిస్తే అయినట్టు. అంతవరకు మూత తీస్తివా, ఉప్పునీళ్ళు లోపలికి పోతాయి."

"మూత తీసే అలవాటు నాకు లేదు మామా" అన్నాను.

ఆమె పుట్టింటిదాకా ఎనిమిది మైళ్ళు ఎద్దులను పరిగెత్తించాను. దోవలో అడవి నుంచి వచ్చే ఆడవాళ్ళ దగ్గర గంపలోంచి పండ్లు ఏరుకున్నాను. బండి కిందినుంచి ఐసు నీళ్ళు ధారగా కారుతుంటే నా ప్రాణమే కారిపోతున్నట్టు ఉండింది. వాళ్ళ వాకిట్లో బకెట్టు దించి, పాలలో గుజ్జు కలిపి తిప్పడం మొదలుపెట్టాను. బావ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వీధివాళ్ళు చేరారు. ఆమె మాత్రం తలుపు వెనకే ఉండిపోయింది. ఆమె చీర అంచు ఒక్కటే కనిపిస్తోంది.

తిప్పాను, తిప్పాను. పిడి తేలిగ్గానే తిరుగుతోంది. లోపల పాలు పాలుగానే ఉన్నాయేమో! ఒకసారి మూత తీసి చూశాను. ఇంకాసేపు తిప్పి మళ్ళీ చూశాను. మూడోసారి తీసినప్పుడు అంచులకు తెల్లగా గడ్డకట్టింది. నాకు వచ్చిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆకుదొన్నెలో మొదట బావకు పెట్టాను.

బావ నోట్లో వేసుకున్నాడు. ముఖం ముడుచుకుంది. మింగి, మీసాలు తుడుచుకున్నాడు.

"బావా, దీంట్లో ఉప్పుకండ గాని వేసినావా ఏంది?"

వాకిలంతా నవ్వింది. జనం నవ్వుతుంటే నేను నవ్వకుండా నిలబడడం అదే మొదలు. అప్పుడు తలుపు కదిలింది. ఆమె వచ్చి, బావ చేతిలోని దొన్నె తీసుకుని, వేలితో కాస్త నాకింది.

"మూత తీసినావా?"

"తీసినా."

"ఎన్ని మాట్లు?"

"మూడు" అన్నాను. వీధంతా చూస్తోంది. "ఆ దినం నీ సట్టి మూత కూడా నేనే తీసినా. చెంబెడు చన్నీళ్ళు పోసింది నేనే. బావా, కూర చెడగొట్టింది నేను. పట్టెడ మాట అని ఆమె మీదికి తోసింది కూడా నేనే."

నవ్వు ఆగిపోయింది. ఆమె దొన్నెలో ఉన్నదంతా, ఆ ఉప్పటి చల్లదనాన్ని, చివరి చుక్కదాకా తాగేసి, లోపలికి వెళ్ళి మూటతో తిరిగి వచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో ఐసు పెట్టె ఉంది. కోడలు రకరకాల ఐసుపాలు చేస్తుంది. ఒక్కదాంట్లోనూ ఉప్పు కలవదు. అన్నీ బాగుంటాయి. ఎప్పుడైనా ఎవరూ చూడకుండా నా గిన్నెలో ఒక ఉప్పురవ్వ వేసుకుంటాను, కళ్ళు మూసుకుంటాను. ఆ వాకిలి రాదు.

ఆ సాయంత్రం బండిలో మా ఇద్దరి నడుమ ఖాళీ బకెట్టు దొర్లుతోంది. సగం దూరం వచ్చాక ఇక ఉండబట్టలేక నేనే అడిగాను.

"చన్నీళ్ళ సంగతి నీకు ముందే తెలుసా?"

"పళ్ళెంలో నీళ్ళు నేను పోసినవి పోసినట్టే ఉండె, కింద కూర మాత్రం నిండుగ ఉండె. వాన నా సట్టిలోనే పడిందనుకుంటినా? నువ్వే చెప్తావని మూడు నెలలు చూసినా" అంది ఆమె. బకెట్టును కాలితో ఆపి, నా వైపు చూడకుండానే ముగించింది. "ఒక్క మాట చెప్పేదానికి అంత ఐసు మోసుకు రావాల్నా అయ్యా?"