సత్తక్క అజేలియా

ఎల్లారెడ్డిలో మా కుట్టు దుకాణం రేకుల మీద వాన మొదలైతే, చేతిలో ఎంత పని ఉన్నా వదిలేసి, పాత అలవాటుకొద్దీ చూరు కింద బకెట్ పెడతాను. ఆ చినుకుల చప్పుడుకు సత్తక్క గుర్తొస్తుంది. కామారెడ్డిలో నాకు కుట్టుపని నేర్పింది ఆమే. భర్త దుబాయిలో ఉండేవాడు. ఇల్లు, దుకాణం ఒక్కతే నడుపుకునేది. అరుగు మీద ఆమెకొక చిన్న చెట్టు ఉండేది.

అది అజేలియా అనే పూల మొక్క. బెంగళూరులోని చెల్లెలి ఇంటి నుంచి తెచ్చుకుంది. జానెడు ఎత్తే గాని, లోతులేని మట్టి పళ్ళెంలో ముసలి చెట్టులా వంకర తిరిగి ఉండేది. సత్తక్కే కొమ్మలకు రాగి తీగ చుట్టి అలా మెల్లగా వంచేది. చల్లటి చోటి మొక్క కదా, పగటెండ తగలకుండా పాత చీర అడ్డం కట్టేది.

ఇంటర్ తప్పి నేను ఆమె దగ్గర చేరాను. 2012 ఎండాకాలంలో చెట్టు ఆకులు పసుపెక్కాయి. ఎరువు వేస్తే ఇంకా పాలిపోయాయి. భిక్నూర్ దగ్గర మొక్కలమ్మే ఆయనకు ఒక రెమ్మ చూపించాం.

“ఏం నీళ్ళు పోస్తున్నరమ్మా?”

“బోరు నీళ్ళే.”

“గా సున్నపు నీళ్ళు దీనికి పడయి. వాన నీళ్ళు పొయ్యండి.”

ఆ ఎండల్లో వాన నీళ్ళెక్కడివి? మాది పోచారం చెరువు దగ్గరి ఊరు. చెరువులోవీ వాన నీళ్ళే కదా అని, ఇంటికి వెళ్ళినప్పుడల్లా డబ్బాలో పట్టుకొచ్చేదాన్ని. “ఏంది పిల్లా, కామారెడ్డిల నీళ్ళు లేవా?” అన్నాడు కండక్టర్. “చెట్టుకు తీస్కపోతున్న” అంటే బస్సంతా నవ్వింది.

అయినా ఆకులన్నీ రాలిపోయాయి. పారేయమని పక్కింటివాళ్ళు అన్నారు. సత్తక్క గోటితో బెరడు గీకింది. “పచ్చగనే ఉన్నది” అని, ఒకవైపు ఎండిన కొమ్మలన్నీ కోసేసింది.

ఆ రోజే మా నాన్న వచ్చాడు. నేను పాడుచేసిన జాకెట్ల కథలు ఆయన చెవిన పడ్డాయి. “ఇగ చాలమ్మా. దీనికి పని రాదు. తోల్కపోత” అన్నాడు. నేను మిషన్ దగ్గర తల వంచుకుని కూర్చున్నాను.

సత్తక్క కత్తెర పక్కన పెట్టింది. “జాకెట్‌కు చేతులు మంచిగ అతుకుతదన్నా. అంచు సక్కగ కుడ్తది. మెడ తిప్పుడొక్కటే రావాలె. ఇంకొన్నొద్దులు ఉండనీ.”

నాన్న ఆ మోడు వంక చూశాడు. “గీ ఎండిన కట్టెను ఇడువనిదానివి, నా బిడ్డనేం ఇడుస్తవ్!” అని నవ్వి, చాయ్ తాగి, ఒక్కడే బస్సెక్కాడు.

వానలు పడ్డాక మట్టి మార్చాం. ఒక చలికాలం దాటాక చెట్టు మళ్ళీ పూసింది, మిగిలిన ఆ ఒక్కవైపే. ఆకు కనపడనన్ని గులాబీరంగు పూలు. సత్తక్క రోజంతా వచ్చినవాళ్ళందరినీ అరుగు మీదికి పిలిచి చూపించింది. అప్పటికి నాకు మెడ తిప్పడం కూడా వచ్చేసింది.

2014లో నా దుకాణానికి మిషన్ నాన్నే మోసుకొచ్చాడు. కామారెడ్డి నుంచి వచ్చేముందు నేను అజేలియా కొమ్మ ఒకటి అడిగితే సత్తక్క ఇవ్వలేదు. “అది మస్తు కష్టపడ్డది. ఇప్పుడు దాన్ని కొయ్యను” అంది. నాకు నవ్వొచ్చింది.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లల తల్లులు వచ్చి, “మా పిల్లకు పని వస్తదా?” అని అడుగుతారు. ముందు ఆ పిల్లకు ఏం వచ్చో చెప్తాను. రానిది తర్వాత చెప్తాను. చెప్తుంటే, మిషన్ దగ్గర వంచిన తల మెల్లగా పైకి లేస్తుంది.