పెండ్లి ఫొటోలు పోయినంక కొన్న హార్డ్ డిస్కులు

కట్టంగూర్‌ల హైవే పక్కన మాకొక ఫొటో స్టూడియో ఉంది. ఫొటోలు తీసేది మా ఆయన. తీసినంక సిస్టంల పనంత నాది. కెమెరా కార్డులల్ల ఉన్నయి ఎక్కించుడు, మంచియి ఏరుడు, రంగు సరిచేసుడు, అల్బం పేజీలు కట్టుడు. లగ్గమైన కొత్తల పాస్‌పోర్ట్ ఫొటోలు కత్తిరించేందుకు మాత్రమే కూసునేదాన్ని. చూసి చూసి మిగిలింది నేర్చుకున్న. తెలంగాణ వచ్చేనాటికి మా ఆయన మౌసు ముట్టుడే బంద్ చేసిండు.

ఫొటోలన్నీ సిస్టం లోపలి డిస్కులనే ఉండేటియి. అది నిండితే అల్బం ఇచ్చేసిన పాత లగ్గాలల్ల ఏరిన ఫొటోలను డీవీడీలల్ల రాసి అట్టపెట్టెల పెట్టేటోళ్లం. కొత్తయాటికి ఇంకో కాపీ ఉండాలని తెల్వక కాదు. ఈ సీజన్ అయినంక చూద్దాం అనుకుంటనే ఏండ్లు గడిచినయ్.

ఒక ఎండాకాలం, లగ్గాలు జోరుమీద ఉన్నప్పుడు, పొద్దున స్టూడియో తెరిచి సిస్టం ఆన్ చేసిన. లోపట టక్ టక్ అని సప్పుడు. ఫ్యాన్‌కు ఏదో తాకుతుంది అనుకొని డబ్బా మీద ఒకటి కొట్టిన. తెర నల్లగనే ఉంది. సప్పుడు ఆగలే.

రెండ్రోజుల తర్వాత ఇద్దరం ఆ డిస్కు పట్టుకొని హైదరాబాద్ పోయినం. పోయిన డేటా తీసిచ్చేటాయన దాన్ని విప్పి, లోపల అద్దంలెక్క మెరిసే పళ్లెం చూపిచ్చిండు. దానిమీద గుండ్రంగ గీత పడ్డది.

"ఇది గీరుకపోయిందమ్మా. దీంట్లకెళ్లి ఏం రాదు" అన్నడు.

"ఇంకెక్కడన్న చూపిస్తె?" అని మా ఆయన అడిగిండు.

"ఎక్కడికి పోయినా గిదే చెప్తరు."

తిరిగొచ్చేటప్పుడు బస్సుల మా ఆయన కిటికీ దిక్కు చూసుకుంట కూసున్నడు. నేను మనసుల లెక్క చూసుకుంటున్న. పాతయి డీవీడీలల్ల ఉన్నయి. ఆ సీజన్ లగ్గాలల్ల ఆఖరి రెండు తప్ప అన్ని అల్బంలు ఇచ్చేసినం. ఆఖరుదాని ఫొటోలు ఇంక కార్డులల్లనే ఉన్నయి. పోయింది ఒక్కటే, పన్నెండు రోజుల కింద పక్క ఊర్ల అయిన లగ్గం. గొర్లు కాసుకునే ఇల్లు. వాళ్ల పెద్దబిడ్డ పెండ్లి. కార్డులల్ల ఉన్నయి సిస్టంల ఎక్కించి, తెల్లారి ఇంకో లగ్గం ఉందని కార్డులు ఖాళీ చేసింది నేను. మా ఆయన కాదు. నేనే.

"నేను పోయి చెప్పొస్త, నువ్వు ఇంట్ల ఉండు" అన్నడు మా ఆయన.

"ఖాళీ చేసింది నేను. నేను రాకుంట ఎట్ల?" అన్న.

బండి మీద ఇద్దరం పోయినం. పెండ్లిపిల్ల తల్లి వాకిట్ల గొర్రెపిల్లలకు ఆకు ఏస్తుంది. మమ్ముల చూడంగనే చేతులు కొంగుకు తుడుసుకొని, "అల్బం తెచ్చిన్రా?" అనుకుంట ఎదురొచ్చింది. పక్కింటామెను గూడ కేకేసింది, ఫొటోలొచ్చినయ్ రమ్మని.

నేను పక్కింటామె వచ్చేదాంక ఆగలేకపోయిన. "అక్కా, అల్బం తేలే. మా సిస్టం కరాబైంది. మీ లగ్గం ఫొటోలు పోయినయ్" అన్న.

"పోతే మల్ల వస్తయి గద చెల్లె?"

"రావక్కా. హైదరాబాద్ తీస్కపోయి చూపిచ్చినం. ఇంక రావు."

ఆమె గోడకు ఆనుకొని నిలవడ్డది. ఇంటాయన లోపట్నుంచి వచ్చిండు. విన్నడు. "మా ఇంట్ల మొదటి లగ్గం. మిమ్ముల నమ్మి చెప్పినం" అన్నడు. మా ఆయన ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టి, కర్ర తీస్కొని మంద దిక్కు ఎల్లిపోయిండు. తిట్టినా బాగుండు అనిపిచ్చింది.

ఆమె ఒక్క మాట అడిగింది. "మేమిద్దరం పిలగాని కాళ్లు కడిగిన ఫొటో గూడ పోయిందా?"

"పోయిందక్కా."

"మా లగ్గంల ఫొటోలు లెవ్వు. మేమిద్దరం పక్కపక్కన కూసున్నది గదొక్కటే."

ఆమె ఏడ్వలే. నేను ఏడ్సిన. ఆమెనే నీళ్లు తెచ్చి ఇచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు తొవ్వల నాకొకటి తట్టింది. ఆ రోజు పందిట్ల మా ఆయన ముందట ఫోన్లు అడ్డం వస్తున్నయని ఎంత గులిగిండో యాదికొచ్చింది. "ఆ ఫోన్లల్ల ఉన్నయి గద. అవన్నీ జమచేద్దాం" అన్న. బండి ఆపి ఎనక్కి చూసిండు. "ఎవ్వరి ఫోన్ల ఏముందో ఎట్ల తెలుస్తది?" అన్నడు. "ఇంటింటికి పోయి అడుగుత" అన్న.

అడిగి తెచ్చినయి పెట్టేందుకు ముందుగాల నమ్మకమైన జాగా కావాలె. తెల్లారి నల్లగొండ పోయిన. ఫొటో పేపరు, సిరా కొనే దుకాణం ఒకటి ఉంది ఆడ. నడిపే పెద్దాయనను నేను చాచా అంట. సంగతంత చెప్పిన.

చాచా రెండు డబ్బాలు ముందట పెట్టిండు. "ఈ పెద్దదాంట్ల పళ్లెం తిరుగుతది, మీ పాతదాని లెక్కనే. జాగా ఎక్కువ. టేబుల్ మీద పెట్టి కదపకుంట వాడాలె. ఈ చిన్నదాంట్ల తిరిగేదేం లేదు. సంచిల ఏస్కొని బస్సుల తిరిగినా దీనికి ఫికర్ లేదు. అదే ధరకు జాగా తక్కువొస్తది."

"రెండిట్ల ఏది కరాబ్ కాదు చాచా?"

"రెండూ అయితయి బేటీ. ఎప్పుడన్నదే తెల్వదు. గందుకే ఒక్కదాంట్లనే పెట్టకు. రెండిట్ల పెట్టు. రెండూ ఒక్క ఇంట్ల గూడ పెట్టకు. పిడుగు పడ్డా, దొంగ వచ్చినా రెండూ పోతయి."

ఎంత పెద్దది కావాలె అన్నడు. రెండు టీబీ సాలు అన్న. "ఒక్క లగ్గం ఎంత జాగా తింటది మీకు?" అని అడిగిండు. ఇన్నేండ్ల నుంచి ఆ పనే చేస్తున్న, నాకు తెల్వదు. మా ఆయనకు ఫోన్ చేస్తే, అరవై నాలుగు జీబీ కార్డులు రెండు నిండుతయి అన్నడు. చాచా కాగితం మీద భాగారం చేసి చూపిచ్చిండు. రెండు టీబీల పదిహేను లగ్గాలు పడితే గొప్ప. మాకు ఒక సీజన్‌కే సాలది. తిరిగేది నాలుగు టీబీది ఒకటి, తిరగనిది చిన్నది ఒకటి తీస్కున్న. పెద్దదాని జోడీ ఇంకొకటి తర్వాత తీస్కపొమ్మన్నడు.

"మీరు అల్బం అచ్చేసేకాడ వేరే రకం కంప్యూటర్ ఉంటే, రెండిట్ల తెరుసుకునేటట్టు ఫార్మాట్ చెయ్. ఎక్స్‌ఫాట్ అని అడుగుతది, గది పెట్టు. ఇంకొకటి, కొన్ననాడే నమ్మకు. వారం దాంక నింపు, ఖాళీ చెయ్, మల్ల నింపు. కరాబ్ ఉంటే గీ వారంలనే తెలుస్తది. మార్చి ఇస్త."

చెప్పినట్టే చేసిన. కొత్తగ కొన్న సిస్టంకు పెద్ద డిస్కు తగిలిచ్చి పాత డీవీడీలన్నీ దాంట్ల ఎక్కించుడు మొదలుపెట్టిన. ఫోల్డర్ల పేర్ల కాడ మా ఇద్దరికి లొల్లి. ఇంటిపేరు ముందు పెట్టుమంటడు మా ఆయన. "ఒక్క ఇంటిపేరు మీద సగం ఊరుంటది, ఎట్ల దేవులాడాలె?" అన్న. చివరికి ఏడాది, నెల, తారీఖు, ఊరు, ఆ తర్వాతనే ఇంటిపేరు అని ఖాయం చేసినం.

ఎక్కించుడు మొదలైన మూడోనాడు నేనే తప్పు చేసిన. కాపీ నడుస్తుంది. పాస్‌పోర్ట్ ఫొటో కోసం ఒకాయన తొందర పెడ్తున్నడు. కెమెరా తగిలిద్దామని, డిస్కు మీద లైటు ఇంక మినుకుతుండంగనే దాని తీగ గుంజిన. తర్వాత తెరిచి చూస్తె కొన్ని ఫొటోలు సగం దాంకనే ఉన్నయి. తలకాయలున్నయి, కింద అంత బూడిద రంగు. డీవీడీలు ఉండబట్టి మల్ల ఎక్కించుకున్న. ఆ రోజు స్కెచ్ పెన్నుతోని గోడ మీద రాసిన: తీగ తీసే ముందు ఎజెక్ట్ నొక్కి సిస్టంకు చెప్పాలె. రెండు దిక్కుల ఫొటోల లెక్క, సైజు ఒక్కతీరు ఉండాలె. నడుమ నడుమ పది తెరిచి చూడాలె. గప్పుడే కార్డు ఖాళీ చెయ్యాలె. మా ఆయన చదివి, కింద ఇంకో గీత కొట్టి, "ఇద్దరు చూసినంకనే" అని కలిపిండు.

చిన్న డిస్కును కండ్లద్దాల డబ్బాల దూది పెట్టి సంచిల ఏస్కున్న. మా తమ్ముని ల్యాప్‌టాప్ తెచ్చుకున్న. పెండ్లికొచ్చినోళ్ల ఇండ్లకు పోయి కూసునుడు. వాట్సాప్‌ల పంపితే ఫొటో చిన్నగైతదని, తీగ పెట్టి ఫోన్లకెళ్లి నేరుగ తీస్కున్న. కొందరు సంతోషంగ ఇచ్చిన్రు. ఒకాయన అయితే, "ఫోన్లనే దాసుకుంటె పోకపోవు గద, మీ అంత పెద్ద కెమెరా ఎందుకు?" అన్నడు. అననిచ్చిన.

పెండ్లిపిలగాడు షాద్‌నగర్‌ల ఫ్యాక్టరీ పని చేస్తడు. అక్కలు, బావలు అందరు అదే గల్లిల కిరాయికున్నరు. ఒక ఆదివారం పోయిన. చాప మీద పదకొండు ఫోన్లు వరుసగ పెట్టిన్రు. పెండ్లిపిల్ల ఎదురుంగ కూసుంది. ఆమె మొకం చూసేందుకు నాకు మొకం చెల్లలే.

"అక్కా, ఆ రోజు మీ కెమెరా తెర మీద చూసి, నేను పౌడర్ డబ్బాల పడ్డట్టు ఉన్న అన్నరు అందరు. ఫోన్లల్లనే మంచిగొచ్చిన" అన్నది. అందరు నవ్విన్రు. నేను సుత నవ్విన, శాన రోజుల తర్వాత.

అన్నీ జమైనంక ఎనిమిది వందల దాంక ఫొటోలు తేలినయి. తలంబ్రాలు, బరాత్, కొత్తజంట కలిసి తినే బువ్వబంతి అన్నీ ఉన్నయి. కాళ్లు కడిగేది లేదు. ఆ యాళ్లకు అందరు బంతిల అన్నం తింటున్నరట.

ఇంక లేదనుకున్న. అప్పుడు మా ఆయన, "పందిరేసిన టెంట్ హౌజ్ భాయ్‌ని అడిగినవా?" అన్నడు. ఆయన కట్టంగూరాయననే. కొత్త గిరాకీలకు చూపెట్టేందుకు తనేసిన ప్రతి పందిరిని వీడియో తీసుకుంటడు. అడిగితే ఫోన్ చేతిలనే పెట్టిండు. పూల దండలు, లైట్లు, మెల్లగ మండపం. మండపం నడుమ పెండ్లిపిల్ల తల్లిదండ్రులిద్దరు. ఆమె చెంబుతోని నీళ్లు పోస్తుంది, ఆయన పిలగాని కాళ్లు పట్టుకొని కడుగుతున్నడు. భాయ్ ఫోన్ కదలకుంట పట్టిండు, పందిరి మంచిగ కనవడాలని. వీడియోలకెళ్లి ఒక్క బొమ్మ తీసిన. కొంచెం గరుకుగ ఉన్నా మొకాలు తెలుస్తున్నయి. డిస్కుల ఎక్కించి, మా ఆయనను పిలిచి, ఇద్దరం తెరిచి చూసినం.

అల్బం తీస్కపోయిన నాడు ఇంటాయన సుత ఉన్నడు. ఆ పేజీ కాడ ఆమె ఆగింది. ఆయన వంగి చూసి, "నా అంగి గుండీ ఊడింది సూడు" అన్నడు ఆమెతోని. మేం లేస్తుంటె మాతోని, "సల్ల తాగి పోన్రి" అన్నడు.

రెండో పెద్ద డిస్కు దీపావళి లోపల తీస్కున్న. అది తిరుమలగిరిల మా అవ్వగారింట్ల బీరువాల ఉంటది. నెలకోసారి పోయి కొత్తయి ఎక్కించి వస్త. మొదట్ల మా అమ్మ, "బంగారం దాసినట్టు దాస్తున్నవ్, ఏంది బిడ్డా అండ్ల?" అన్నది. మందివి లగ్గాలు అన్న. అప్పటికెళ్లి ఎవ్వరినీ ఆ అర ముట్టనియ్యదు.

పోయినేడు ఆ గొర్లు కాసే ఇంటోళ్లు చిన్నబిడ్డ లగ్గం పెట్టుకున్నరు. పెద్ద స్టూడియోకు పోతరనే అనుకున్నం. ఇంటాయన మా ఆయనకు ఫోన్ చేసి తారీఖు చెప్పిండు. పొద్దున్నే రమ్మన్నడు, గొర్లు మేతకు పోకముందు మందతోని ఒక ఫొటో దిగాల్నట.