మున్నీ బీ చేతిలోని తాడు

మున్నీ బీ నవ్వుతూ పనిచేయాలని ఆర్డరు. ఎర్రటోపీ పెట్టి, ఇత్తడి గుండీల కోటు తొడిగి, ట్రాము వెనక నిలబెట్టి నవ్వమన్నారు. ఆమె నవ్వలేదు. నాకు ఆమె మీద గౌరవం పుట్టింది అక్కడే.

ఈ అరబ్బు దేశంలో ఫహాహీల్ ఊరు దాటాక సముద్రం ఒడ్డు పార్కులో ఆ పాతకాలపు ట్రాము తిరుగుతుంది. ఎక్కడో ఐరోపాలో మూలనపడ్డదాన్ని ఓడలో తెచ్చి, రంగులేసి, పట్టాలు పరిచారు. దాని పై స్టాపు పక్కనే నా చాయ్ కొట్టు. కడప మునాఫ్ చాయ్ అంటే పార్కులో పనిచేసే వాళ్లందరికీ తెలుసు. మున్నీ బీది రాయచోటి. ఏళ్ల తరబడి అరబ్బుల ఇళ్లల్లో పనిచేస్తూ మామాల, అంటే ఇంటి యజమానురాళ్ల, కేకలు పడి, ఇక పడలేక ఈ కండక్టరు పనికి వచ్చింది.

కండక్టరంటే టికెట్లు చింపే మనిషని చూసేవాళ్లు అనుకుంటారు. కాదు. పట్టాల పైన ఎత్తున కరెంటు తీగె ఉంటుంది. బండి నెత్తిమీద పొడుగాటి గెడ, దాని కొసన చిన్న చక్రం, ఆ చక్రం తీగెకు ఆనుకుని పరిగెత్తుతుంది. కరెంటు గెడలోంచి దిగి, డ్రైవరు పిడి తిప్పినంత మేరకు మోటార్లకు అంది, ఇనప చక్రాల గుండా పట్టాల్లోకి పోతుంది. చివరి స్టాపులో బండి వెనక్కి తిరగదు, గెడను తిప్పాలి. మున్నీ బీ దిగి, గెడకు కట్టిన తాడు లాగి దాన్ని తీగె నుంచి తప్పించి, బండి చుట్టూ నడిచి అటువైపు తగిలిస్తుంది. ఆలోగా డ్రైవరు గంగాధర పిడి ఊడదీసుకుని రెండో చివరకు వెళ్తాడు. ఆమె బండి గంట రెండుసార్లు కొడితేనే బండి కదలాలి. కొట్టకపోతే లోపల ఎవరున్నా సరే, కదలకూడదు.

ఇక ఇసుక సంగతి. పట్టా తడిగా ఉంటే ఇనప చక్రం జారుతుంది. అందుకే డ్రైవరు సీటు కింద పొడి ఇసుక పెట్టె ఉంటుంది. కాలితో మీట నొక్కితే ఇసుక గొట్టంలోంచి చక్రం ముందు రాలుతుంది, బ్రేకు పట్టుకుంటుంది. ఆ ఇసుక బస్తాల్లో కొని తెచ్చేవాళ్లు. సూపర్‌వైజరుగా కుక్కుటేశ్వరరావు వచ్చాక అది ఆగిపోయింది.

“ఎడారిలో ఇసక కొనుక్కోవడమేంటండీ, నలుగురూ వింటే నవ్విపోతారు,” అన్నాడు. ఒడ్డున తవ్వించి పెట్టెలో పోయించాడు. సముద్రపు ఇసుక, ఉప్పు తేమ. పెట్టెలో బెల్లం అచ్చులా గడ్డకట్టింది. మున్నీ బీ ఆ గడ్డ చేతిలో పెట్టి చూపిస్తే, “నీ పని గంట కొట్టడం, కొట్టుకోమ్మా,” అన్నాడు. వినడానికి ఎంత మెత్తగా ఉందో చూడండి. ఆ మెత్తదనానికే నాకు ఒళ్లు మండింది.

ఫిబ్రవరిలో ఈ దేశపు జాతీయ దినం వచ్చింది. వద్దని బోర్డులు పెట్టినా పిల్లలు నురగ డబ్బాలు, నీళ్ల తుపాకులు తెచ్చారు. పట్టాల నిండా నురగ. పై స్టాపు నుంచి సముద్రం గేటు దాకా పల్లం. మధ్యాహ్నం ట్రిప్పులో గంగాధర బ్రేకు బిగించాడు, చక్రాలు ఆగాయి, బండి ఆగలేదు. మీట ఎంత తొక్కినా ఇసుక రాలలేదు. పట్టాల మీద బెలూను ఏరుకుంటున్న చిన్నపిల్లకు జానెడు దూరంలో ఎలాగో నిలబడింది. తల్లి వచ్చి ఎత్తుకుపోయింది. ఏం తప్పిందో ఆమెకు తెలియనే లేదు.

పైకి వచ్చాక మున్నీ బీ గంట కొట్టలేదు. బండి నిండా జనం. కుక్కుటేశ్వరరావు పరిగెత్తుకొచ్చాడు.

“ఏంటమ్మా ఆపేశావు?”

“ఇసక లేదు సార్. జారతాండాది. పట్టాల మీద పిల్లోళ్లు ఉండారు. నేను కొట్టను.”

“నువ్వు కొట్టకపోతే బండి ఆగిపోద్దా?” అని మెట్టెక్కి తనే రెండు గంటలు కొట్టాడు. “యల్లా గంగాధరా, పోనీ.”

గంగాధర వెనక్కి తిరిగి, “అక్కా, నా ఇఖామా ఈయన చేతిలో ఉండాది,” అన్నాడు. ఆ కాయితం లేకుంటే ఈ దేశంలో ఉండనివ్వరు. అలా అంటూనే పిడి మీద చెయ్యేశాడు. చెడ్డవాడు కాదు. కానీ ఆ క్షణాన నాకు వాడి మీద కూడా కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

మున్నీ బీ తాడు లాగింది. గెడ తీగెను వదిలేసింది. దీపాలు ఆరాయి, బండి ఇనప డబ్బా అయిపోయింది. ఆమె తాడును కొక్కేనికి ముడి మీద ముడి వేసి, దిగి, టోపీ తీసి సూపర్‌వైజరు కాళ్ల దగ్గర పెట్టింది.

“ఇంగ నువ్వే నవ్వు సార్,” అంది.

ఖలాస్. మర్నాటి నుంచి ఆమెను పట్టాలు ఊడ్చే పనిలో వేశారు. ట్రాము మీదికి కొత్త పిల్లను తెచ్చి నవ్వడం నేర్పారు. పట్టాల మీది పిల్లల పాణం దక్కించినందుకు దక్కింది చీపురు. అడుసు తొక్కినవాడు ఒకడు, కాళ్లు కడిగేది ఇంకొకరు.

పట్టాలు ఊడ్చే మనిషికి ఇసుకతోనేగా పని. మున్నీ బీ నా కొట్టు వెనక ప్లాస్టిక్ పట్టా పరిచి, ఒడ్డు ఇసుకను మంచినీళ్లతో కడిగి, మిరపకాయలు ఎండేసినట్టు ఎండేసి, జల్లెడ పట్టి పెట్టె నింపింది. గంగాధర బకెట్ మోయబోతే, “ఆడ పెట్టు. నాతో మాట్లాడొద్దు,” అంది. పెట్టి వెళ్లాడు.

ఇప్పుడు కొత్త పిల్ల రెండు గంటలు కొడుతుంది. గంగాధర కదలడు. పల్లం మీద పట్టాల పక్కన నిలబడ్డ మున్నీ బీ వైపు చూస్తాడు. పట్టాలు ఖాళీ అయ్యాయని ఆమె చీపురు పైకెత్తితేనే పిడి తిప్పుతాడు. కుక్కుటేశ్వరరావు అరుస్తూనే ఉంటాడు.

ఆమె మాత్రం వెంటనే ఎత్తదు. పట్టాలు ఖాళీగా ఉన్నా గంగాధరను కాసేపు అలాగే నిలబెట్టి, అప్పుడు ఎత్తుతుంది.